ఇంటికి హెచ్‌డీ బాక్సు తెచ్చే ముందు

మా అమ్మీకి రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ జరిగాక, చూపు కుదుటపడిన రోజుల్లో ఆమె నన్ను ఒక్క కోరిక కోరారు. హజ్ భాగ్యం తనకు దక్కలేదు. రాబోయే రమజాన్‌లోనైనా మక్కాలో జరిగే తరావీహ్ నమాజును ఇంట్లో కూర్చుని స్పష్టంగా చూడాలన్నారు. మా పాత టీవీలో మనుషుల ముఖాలు నీళ్ళలో నీడల్లా అలుక్కుపోయేవి. రమజాన్‌కు ఇంకా ఆరు నెలలుండగానే కోయిలకుంట్లలోని ఒక దుకాణానికి వెళ్ళి కొత్త టీవీ, డిష్, హెచ్‌డీ బాక్సు తెచ్చాను. అమర్చిన కుర్రవాడు "ఇక అంతా హెచ్‌డీయే హజ్రత్" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అయిదు నెలలు హెచ్‌డీ చానళ్ళకు అదనపు రుసుము చెల్లించాను. బొమ్మలో మార్పు పెద్దగా కనిపించకపోయినా, లోపం నా కళ్ళజోడులో ఉందనుకున్నాను. షాబాన్ నెలలో నంద్యాల నుంచి మా చెల్లెలి కొడుకు వచ్చాడు. టీవీ వెనక్కి వంగి చూసి నవ్వాడు. "మామూ, పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో హెచ్‌డీ ఎలా వస్తుంది?" అన్నాడు. బాక్సు వచ్చిన అట్టపెట్టెలోనే హెచ్‌డీఎంఐ కేబుల్ మూట విప్పకుండా పడి ఉంది. అది తగిలించగానే తెర మీది అక్షరాల అంచులు తేలాయి.

ఇక్కడ జరిగినదేమిటో పాఠకులకు వివరించాలి. మన దేశంలో సాధారణ ప్రసారపు బొమ్మ అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలతో ఏర్పడుతుంది. పూర్తి హెచ్‌డీ బొమ్మలో అవి 1920, 1080. లెక్క వేస్తే చుక్కలు సరిగ్గా 5 రెట్లు. చానల్ హెచ్‌డీలో ప్రసారం కావాలి, బాక్సు దాన్ని అందుకోవాలి, తీగ మోయాలి, తెర చూపించాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి వెనుకబడినా మిగిలిన మూడింటికి పెట్టిన డబ్బు దుబారాయే. పసుపు రంగు తీగ హెచ్‌డీ బొమ్మను మోయలేదు. నేను అయిదు నెలలు చేసింది ఆ దుబారాయే. మదరసాలో పిల్లలకు ఇస్రాఫ్ గురించి పాఠం చెప్పేవాణ్ణి కూడా నేనే!

తెర విషయంలో మరొక మాట. 32 అంగుళాల టీవీని పది అడుగుల దూరం నుంచి చూసే ఇంట్లో సాధారణ బొమ్మకూ హెచ్‌డీకీ తేడా అంతగా తెలియదు. అటువంటివారు నెలనెలా అదనపు రుసుము కట్టవలసిన అవసరం లేదు.

మేనల్లుడు రెండో సంగతి కూడా చెప్పాడు. నేను కట్టే ప్యాకేజీలో మక్కా ప్రసారమే లేదు! ఏమి చూడదలచుకున్నామో, అది ఏ దారిలో వస్తుందో తెలుసుకోకుండానే నేను బాక్సు కొన్నాను. అసలు మొదట అడగవలసిన ప్రశ్న అదే.

వార్తలు, దూరదర్శన్ చాలనుకునే ఇంటికి ప్రసార భారతి వారి డీడీ ఫ్రీ డిష్ సరిపోతుంది. దానికి నెలసరి రుసుము లేదు. అయితే అందులో అత్యధికం సాధారణ చానళ్ళే. పాత ఎంపెగ్-2 బాక్సుకు ఎంపెగ్-4లో వచ్చే చానళ్ళు అందవు గనుక కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. దాని డిష్ మన ప్రాంతంలో ఆగ్నేయం వైపు చూడాలి. ఆ దిక్కున చెట్టు గానీ పక్కింటి మిద్దె గానీ అడ్డు ఉండరాదు. జోరువానలో డిష్ బొమ్మ ఆగిపోవడం సహజమే. మన సీమలో ఆ ఇబ్బంది ఏడాదికి ఎన్ని సాయంత్రాలు!

ప్రైవేటు డీటీహెచ్‌లో హెచ్‌డీ చానళ్ళు ఎక్కువ. కాని ఒక కంపెనీ బాక్సు మరొక కంపెనీకి పనికిరాదు. ఏ బాక్సయినా ఎక్కడైనా పనిచేసేలా ఉండాలని ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేసింది. అయినా మారదలచినవారు మళ్ళీ కొత్త బాక్సు తెచ్చుకోవలసిందే. మన రాష్ట్రంలో 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ మరో దారి. కరెంటు స్తంభాల మీదుగా లాగిన తీగతో టీవీ, ఫోన్, ఇంటర్నెట్ మూడూ ఇంటికి వస్తాయి. తొలినాళ్ళలో నెలకు 149 రూపాయల ప్యాకేజీతో అది పల్లెలకు చేరింది.

మక్కా ప్రసారం ఇంటర్నెట్‌లో యూట్యూబ్ ద్వారా ఉచితంగానే వస్తుంది. అందుకు యూట్యూబ్ ఉన్న స్మార్ట్ టీవీ గానీ, ఇంటర్నెట్‌కు కలిపే ఆండ్రాయిడ్ బాక్సు గానీ చాలు. పూర్తి హెచ్‌డీకి సెకనుకు సుమారు 5 మెగాబిట్ల వేగం కావాలి. అంటే గంటకు రెండు జీబీలకు పైగా ఖర్చు. సెల్‌ఫోన్‌లో రోజుకు దొరికే ఒకటిన్నర జీబీ గంటసేపు కూడా నిలవదు గనుక ఇంటికి తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్టే మేలు. అలాంటి బాక్సు ఇంట్లోకి వచ్చాక పిల్లలకు తాళం వేయడం మరువకండి. బాక్సుతో వచ్చే రహస్య సంఖ్య తరచుగా నాలుగు సున్నాలే. అది పెద్దలకన్నా పిల్లలకే బాగా తెలుసు. మొదటి రోజే మార్చండి.

నేను డీటీహెచ్‌లో హెచ్‌డీ చానళ్ళు మాన్పించి, ఆ డబ్బుతో ఇంటర్నెట్ పెట్టించాను. మక్కా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. మన మస్జిద్‌లో తరావీహ్ ముగించుకుని ఇంటికి వచ్చాక, రాత్రి పదకొండు దాటిన తరువాత అక్కడ మొదలవుతుంది. మొదటి రాత్రి అమ్మీ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తెర మీద ఒక మూలకు వేలు చూపించారు. అక్కడ చక్రాల కుర్చీలో ఒక వృద్ధురాలు తవాఫ్ చేస్తున్నారు.

"అలా కూర్చోబెట్టి కూడా తిప్పుతారా బేటా?" అని అడిగారు.

ఆ వారంలోనే ఉమ్రాకు ఎంత ఖర్చవుతుందో వాకబు చేయడం మొదలుపెట్టాను.