మెలిపడే కడ్డీ మీద నిలిచిన కారు

చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్లను రూపొందించే ఇంజనీర్లకు వెనుక చక్రాల మధ్య ఉండే చోటు ఎన్నడూ చాలదు. ఇంజనూ, చక్రాలను తిప్పే యంత్రాంగమూ ముందుభాగంలోనే ఇమిడిపోయే ఈ కార్లలో వెనుకభాగమంతా మనుషులకూ సామానుకూ మిగలాలి గనుక, బండి బరువును మోసే స్ప్రింగు ఎంత తక్కువ చోటు ఆక్రమిస్తే అంత మేలు. నిలువుగా అమర్చే చుట్ట స్ప్రింగుకైతే డిక్కీలోకి పొడుచుకువచ్చే గూడు ఒకటి అవసరమవుతుంది. ఈ చిక్కును తప్పించుకోవడానికి ఫ్రెంచి కార్ల ఇంజనీర్లు అనేక దశాబ్దాలపాటు ఆశ్రయించినది బండి అడుగున అడ్డంగా, నేలకు సమాంతరంగా పడుకొని ఉండే ఉక్కు కడ్డీని. తడిబట్టను పిండినట్టు మెలిపడి, ఆ మెలిక విప్పుకొనే బలంతో కారును పైకెత్తి నిలిపే ఈ కడ్డీని టోర్షన్ బార్ అంటారు. కొత్త భాగమేదీ కొనకుండా కారు వెనుకభాగాన్ని కిందికి దించే వీలు కల్పించినదీ, ఆ దించడానికి చెల్లించవలసిన మూల్యమేమిటో స్పష్టంగా చూపించినదీ ఈ కడ్డీయే.

దీని వెనుక ఉన్న భౌతికశాస్త్రం కారు కంటే శతాబ్దం పాతది. సన్నని తీగలను మెలితిప్పి చేసిన ప్రయోగాల ఫలితాలను కూలుంబ్ 1784లో వెల్లడిస్తూ, తీగ చూపే ప్రతిఘటన మెలిపడిన కోణానికీ, తీగ వ్యాసపు నాలుగో ఘాతానికీ అనులోమానుపాతంలోనూ, దాని పొడవుకు విలోమానుపాతంలోనూ ఉంటుందని నిరూపించాడు. నాలుగో ఘాతం అన్న మాట చిన్నది కాదు. 18 మిల్లీమీటర్ల వ్యాసం గల కడ్డీ స్థానంలో అదే పొడవున్న 20 మిల్లీమీటర్ల కడ్డీని పెడితే, వ్యాసం పెరిగినది తొమ్మిదో వంతే అయినా గట్టిదనం 52 శాతం పెరుగుతుంది.

ఈ సూత్రాన్ని వాహనాల సస్పెన్షన్‌కు అన్వయిస్తూ ఫెర్డినాండ్ పోర్షె సంస్థ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేసింది. 1934లో వచ్చిన సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంట్ కారు టోర్షన్ బార్లను వాడుకోగా, పోర్షె రూపొందించిన ఫోక్స్‌వాగన్ బీటిల్ వాటిని ప్రపంచమంతటికీ పరిచయం చేసింది. 1961 నాటి రెనో 4లో నాలుగు చక్రాలకూ ఈ కడ్డీలే ఆధారం. అయితే వెనుక చక్రాల కడ్డీలు రెండూ బండి వెడల్పంతా పొడవుండి, ఒకదాని ముందు ఒకటిగా అమర్చవలసి రావడంతో, ఆ కారు ఎడమ పక్క చక్రాల మధ్య దూరానికీ కుడి పక్క దూరానికీ కొన్ని సెంటీమీటర్ల తేడా ఉండేది. 1983లో విడుదలై 50 లక్షలకు పైగా తయారైన పెజో 205లో ఈ వింత లేదు. అందులో అడ్డంగా ఉండే గొట్టపు ఇరుసుకు రెండు చివరలా ట్రైలింగ్ ఆర్మ్ అనే చేయి ఉంటుంది. ఇరుసు నుంచి వెనక్కి చాచుకొని, తన కొసన చక్రాన్ని మోస్తూ, కీలు మీద కిందికీ పైకీ ఊగే భాగమిది. కుదుపులను అణచే షాక్ అబ్జార్బర్లను కూడా దాదాపు పడుకోబెట్టి అమర్చడం వల్ల ఆ చిన్న కారు డిక్కీ విశాలంగా, అడుగు చదునుగా మిగిలింది.

కడ్డీ ఒక చివర కారు దేహానికి చెందిన ఇరుసు నిర్మాణంలోనూ, రెండో చివర ఊగే చేతిలోనూ బిగిసి ఉంటుంది. జారకుండా పట్టు దొరకడానికి రెండు చివరలా చుట్టూ సన్నని నిలువు పళ్లు కోసి ఉంటాయి; వీటిని స్ప్లైన్లు అంటారు. ఇంజనీర్ల చాతుర్యమంతా ఈ పళ్ల సంఖ్యలో ఉంది. బీటిల్ వెనుక కడ్డీకి లోపలి చివర 40, బయటి చివర 44 పళ్లుంటాయి. లోపలి చివరను ఒక పన్ను మేర తిప్పితే 9 డిగ్రీలూ, బయటి చివరను ఎదురుదిశలో ఒక పన్ను మేర తిప్పితే 8.18 డిగ్రీలూ కదులుతుంది గనుక, రెండూ కలిసి చేతి కోణంలో తెచ్చే నికరమైన మార్పు 0.82 డిగ్రీ మాత్రమే. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో విద్యార్థులు వాడే వెర్నియర్ కాలిపర్స్ పనిచేసేదీ ఇలా రెండు కొలబద్దల మధ్య ఉన్న స్వల్పభేదం మీదనే. చేయి పొడవు 40 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కొక్క మెట్టుకు చక్రం వద్ద సుమారు 5.7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అయిదు మెట్లు మారిస్తే కారు దాదాపు 3 సెంటీమీటర్లు దిగుతుంది. తయారీలో వచ్చే చిన్నచిన్న తేడాలను సరిదిద్దడానికీ, ఏళ్ల తరబడి బరువు మోసి కొద్దిగా కుంగిన బండిని తిరిగి లేపడానికీ ఉద్దేశించిన ఈ సర్దుబాటును కార్లను కిందికి దించేవారు తమ పనికి వాడుకున్నారు.

పెజో 205 వంటి కారులో ఈ పని జరిగే తీరు గమనించదగినది. వెనుకభాగాన్ని పైకెత్తి దృఢమైన స్టాండ్ల మీద నిలిపి, చక్రాలూ షాక్ అబ్జార్బర్లూ విప్పిన తరువాత, ఒక్కొక్క అబ్జార్బర్ స్థానంలో పొడవును మరతో మార్చుకోగల ఉత్తుత్తి కడ్డీని బిగిస్తారు. కారు ఎంత ఎత్తున నిలవాలన్నది ఈ ఉత్తుత్తి కడ్డీ పొడవే నిర్ణయిస్తుంది. దానిని కురచ చేస్తే చేయి పైకి లేస్తుంది, అంటే బండి కిందికి దిగుతుంది. పళ్ల పాత స్థానానికి రంగుతో గుర్తుపెట్టి, చివరకు తగిలించిన బరువును వెనక్కి లాగి కొట్టే స్లైడ్ హ్యామర్‌తో టోర్షన్ బార్‌ను బయటికి రప్పిస్తారు. తుప్పుతో బిగుసుకుపోయిన బార్ ఒక్కోసారి పూటంతా సతాయిస్తుంది. చేతిని కొత్త కోణంలో నిలిపాక, బార్‌ను ఒక్కొక్క పన్ను చొప్పున తిప్పుతూ, రెండు చివరలా పళ్లు ఒకేసారి సులువుగా దూరే స్థానాన్ని వెతికి పట్టుకోవడమే మిగిలిన పని. ఎడమ కడ్డీని కుడివైపు వాడకూడదు. తయారీ సమయంలో కడ్డీని అది పనిచేయబోయే దిశలోనే అతిగా మెలితిప్పి, దాని ఉపరితలంలో అనుకూలమైన అంతర్గత ప్రతిబలాలను నిలిపి ఉంచుతారు గనుక, దిశ మారితే ఆ రక్షణే ప్రతికూలంగా మారి కడ్డీ త్వరగా అలసి విరుగుతుంది.

ఈ విధంగా దించిన కారులో స్ప్రింగు గట్టిదనం ఏమాత్రం మారదు. కడ్డీ పొడవూ మందమూ మునుపటివే, మోసే బరువూ మునుపటిదే గనుక అది మెలిపడే కోణం కూడా మునుపటిదే. మారినది ఆ మెలిక మొదలయ్యే చోటు మాత్రమే. చుట్ట స్ప్రింగును కోసి దించినప్పుడు ఇలా జరగదు. పనిచేసే ఆరు చుట్లలో ఒకటి పోతే మిగిలిన స్ప్రింగు 20 శాతం గట్టిపడుతుంది. గట్టిపడని టోర్షన్ బార్ మేలైనదిగా తోచినా, చిక్కు అక్కడే ఉంది. గోతిలో పడినప్పుడు చక్రం పైకి లేవడానికి ఉన్న దూరం, కారు దిగినంత మేర తగ్గిపోతుంది. ఆ దూరం చివర బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ ఉంటుంది. గట్టిదనం పెరగని స్ప్రింగు మీద, మిగిలిన కొద్ది దూరం త్వరగా అయిపోయి చేయి ఆ దిమ్మను గుద్దుకుంటుంది. రేసులకు కారును సిద్ధం చేసేవారు ఎత్తు తగ్గించడంతోపాటు మందమైన కడ్డీలనూ, వాటికి తగిన షాక్ అబ్జార్బర్లనూ అమర్చేది ఈ కారణంగానే.

ప్రయోజనం లేదని కాదు. గురుత్వ కేంద్రం నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న కారును నాలుగు మూలలా 3 సెంటీమీటర్లు దించితే, మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే బరువు సుమారు 5.5 శాతం తగ్గుతుంది. వెనుకభాగాన్ని ఒక్కదాన్నే దించితే ఈ లాభంలో చాలా భాగం పోగా, ముక్కు పైకి లేచి హెడ్‌లైట్ల వెలుగు ఎదురుగా వచ్చేవారి కళ్లలో పడుతుంది. వెనుక ఇరుసు ఎత్తును బట్టి బ్రేకుల ఒత్తిడిని నియంత్రించే కవాటం కొన్ని కార్లలో ఉంటుంది. బండి దిగగానే అది వెనుక సీట్లు నిండాయని పొరబడి వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది, అప్పుడు తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందుగా బిగుసుకొని బండి పక్కకు జారే ప్రమాదం ఏర్పడుతుంది. అందుచేత ఎత్తు మార్చిన ప్రతిసారీ లైట్లనూ ఈ కవాటాన్నీ తిరిగి సరిచేయక తప్పదు.

205కు దగ్గరి బంధువైన పెజో 309 కారును 1990లలో ప్రీమియర్ సంస్థ భాగస్వామ్యంతో మహారాష్ట్రలోని కల్యాణ్‌లో తయారుచేయడం వల్ల ఈ తరహా కారు మన రోడ్ల మీద కూడా కొంతకాలం తిరిగింది. స్పీడ్ బ్రేకర్లు అడుగడుగునా ఎదురయ్యే మన రోడ్ల మీద కారు అడుగుకూ నేలకూ మధ్య దూరం తగ్గించుకోవడం తెలివైన పని కాదు. పైగా తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధిస్తుందని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చిచెప్పింది.

పెజో 206 వరకు కొనసాగిన వెనుక టోర్షన్ బార్ 2006లో వచ్చిన 207తో తెరమరుగై, దాని స్థానంలోకి చుట్ట స్ప్రింగులూ, రెండు చేతులనూ కలిపే మెలిపడే దూలమూ వచ్చాయి. తయారీకి చవకైన ఈ ఏర్పాటే మన స్విఫ్ట్ వంటి కార్లలోనూ కనిపిస్తుంది. వీటిని దించాలంటే స్ప్రింగునే మార్చాలి లేదా కోయాలి, కోసిన స్ప్రింగు మళ్లీ పెరగదు. పళ్లు లెక్కపెట్టి దించిన పాత కారునైతే, దాని యజమాని మనసు మార్చుకున్న రోజున, అదే కడ్డీతో అన్నే మెట్లు వెనక్కి తిప్పి యథాస్థానానికి లేపవచ్చు.