మానిఫోల్డ్ నీడలో ఫిల్టర్

ఆయిల్ ఫిల్టర్ పాలపొడి డబ్బాలో సగం కూడా ఉండదు. మామూలు కారులో దాన్ని మార్చడం పది నిమిషాల పని. కానీ 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ చూపించిన మియాటా అనే రెండు సీట్ల కారులో ఆ పనికి దిగినవాడు ముందు వెతుక్కోవాల్సింది పానా కాదు, చెయ్యి దూరే సందు.

అసలీ డబ్బా పుట్టిందే పని తేలిక చేయడానికి. తొలినాటి కార్లకు ఫిల్టరే లేదు. ఆయిల్ మురికిపడితే పారబోసి కొత్తది పోయడమే. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ తమ ఫిల్టర్‌కు పేటెంటు తీసుకుని ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. అప్పట్లో ఆయిల్‌లో కొద్ది భాగమే ఫిల్టర్ గుండా పోయేది. మొత్తం ఆయిల్‌ను వడగట్టే పద్ధతి తర్వాత వచ్చింది. అయినా ఫిల్టర్ ఉండే గిన్నె విప్పి, లోపలి గుడ్డనో కాగితాన్నో తీసి, గిన్నె కడిగి మళ్లీ బిగించాలి. చేతులు మోచేతుల దాకా నల్లబడేవి. 1950ల్లో మరలున్న రేకు డబ్బా వచ్చాక ఆ గొడవ వదిలింది: తిప్పి తీసెయ్, తిప్పి పెట్టెయ్.

మియాటాలో ఆ తిప్పడానికే చోటు లేదు. ప్రాజెక్టు పెద్ద తోషిహికో హిరాయ్ కోరింది గుర్రమూ రౌతూ ఒకటైనట్టుండే కారు. బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం పడాలని 1.6 లీటర్ల ఇంజన్‌ను వెనక్కి జరిపి నిలువుగా కూర్చోబెట్టారు. బోనెట్ కిందికి వంగింది. ఇంజన్ కుడివైపు గాలి తీసుకునే ఇంటేక్ మానిఫోల్డ్, దాని కింద బ్లాక్ పక్కకు అతుక్కుని ఫిల్టర్. నన్నడిగితే ఇది డిజైనర్ల పరాకు కాదు, తెలిసి చేసిన బేరం: నడిపేవాడి సుఖానికి మూల్యం మెకానిక్ మణికట్టు. ఒక్క మేలు మాత్రం మిగిలింది, నిప్పులా కాలే ఎగ్జాస్ట్ ఎడమవైపుంది. 2012లో టొయోటా, సుబారు కలిసి తెచ్చిన స్పోర్ట్స్ కారులో ఫిల్టర్‌ను ఇంజన్ నెత్తిన పెట్టడం చూస్తే మియాటా వాళ్లకు కళ్లు కుట్టడం సహజమే.

మియాటాలో కిందినుంచి, ముందు కుడి చక్రం పక్కగా చెయ్యి పెట్టడమే చాలామందికి కుదిరే దారి. కారును జాకీ మీదే వదలకూడదు, స్టాండ్లు వేయాలి. ఇంజన్ గోరువెచ్చగా ఉంటే చాలు. డబ్బా పక్కకు పడుకుని ఉంటుంది కాబట్టి వదులవగానే ఆయిల్ కింది ఇనుప దూలం మీద కారుతుంది. ముందే డబ్బాకు ప్లాస్టిక్ సంచి తొడిగితే ఆ వరద తప్పుతుంది. చెయ్యి వంకరగా దూరేసరికి దిశ తికమక పెడుతుంది. డబ్బా మూసిన కొసవైపు నుంచి చూస్తున్నట్టు ఊహించుకుని, గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి.

రాకపోతే? వెనకటివాడు పానాతో బిగించి ఉంటాడు, రబ్బరు వాషర్ వేడికి అంటుకుపోయి ఉంటుంది. కొసకు సరిగ్గా కూర్చునే గిన్నెలాంటి పానా ఈ ఇరుకులో అన్నిటికన్నా మేలు. స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పే మొరటు వైద్యం నాకు నచ్చదు. పల్చటి రేకు చిరిగిపోయి, అడుగు పళ్లెం ఒక్కటే బ్లాక్‌కు మిగిలితే అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది.

ఊడాక పాత వాషర్ డబ్బాతోపాటే వచ్చిందో లేదో వేలితో తడిమి చూడాలి. అది బ్లాక్‌కే ఉండిపోతే, దాని మీద కొత్తది కూర్చుని, ఇంజన్ తిరగగానే రెంటి మధ్యనుంచి ఆయిల్ చిమ్ముతుంది. కొత్త వాషర్‌కు కాస్త ఆయిల్ రాసి, తగిలేదాకా తిప్పి, ఆపైన పెట్టె మీద రాసినంత, ఎక్కువ రకాలకు ముప్పావు చుట్టు నుంచి ఒక చుట్టు, చేత్తోనే బిగించాలి.

తొలి మియాటాల్లో ఆయిల్ ఒత్తిడిని నిజంగా కొలిచి చూపే ముల్లుంది. స్టార్ట్ చేశాక ఖాళీ డబ్బా నిండేదాకా అది కాసేపు కదలదు. ఆ క్షణంలో గుండె ఝల్లుమంటుంది. ముల్లు లేచాక ఇంజన్ ఆపి, టార్చి పట్టుకుని మళ్లీ కారు కిందికి దూరాలి.