స్ప్రింగు ఎగరేస్తుంది.. నూనె నిలబెడుతుంది

బడులు తెరిచే రోజుల్లో కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల పట్టణాల్లోని సైకిలు దుకాణాల ముందు పిల్లలు అడిగే మాట ఒకటే. 'డబుల్ షాకర్ ఉందా?' ముందు ఫోర్కులో ఒక స్ప్రింగు, సీటు కింద మరో లావుపాటి స్ప్రింగు, దానికి ఎర్రటి రంగో పచ్చటి రంగో. పిల్లవాడి చూపంతా దాని మీదే. తండ్రి బేరమాడి, మామూలు సైకిలు కన్నా నాలుగు డబ్బులు ఎక్కువే ఇచ్చి కొంటాడు. ఆ స్ప్రింగు ఎందుకని అడిగితే అమ్మేవారూ, కొనేవారూ చెప్పే జవాబు ఒక్కటే: 'కుదుపులు తెలియవు'.

ఇందులో సగమే నిజం. కుదుపు తెలియకుండా ఉండాలంటే స్ప్రింగు ఒక్కటే చాలదు. నొక్కితే స్ప్రింగు నొక్కుకుంటుంది. కానీ మింగిన బలాన్ని తనలో ఉంచుకోదు, దాదాపు అంతా తిరిగి కక్కేస్తుంది. రాయి ఎక్కినప్పుడు లోపలికి పోయిన దెబ్బ, రాయి దాటాక సీటును పైకి తన్నుతూ బయటికి వస్తుంది. ఆ తన్నుడును ఆపే రెండో వస్తువు లేకపోతే, సైకిలు ఒక గుంతకు నాలుగుసార్లు ఎగురుతుంది. ఆ రెండో వస్తువు నూనె నిండిన చిన్న గొట్టం. చవక 'డబుల్ షాకర్' సైకిళ్లలో చాలా వాటికి లేనిది అదే.

ఎడ్లబండికి లేనిది

కర్ర చక్రానికి ఇనుప పట్టా బిగించిన ఎడ్లబండికి స్ప్రింగూ లేదు, నూనె గొట్టమూ లేదు. ఇరుసు మీదే బండి. చక్రానికి తగిలిన రాయి దెబ్బ నేరుగా మనిషి వెన్నుకు చేరుతుంది. అందుకే బండిలో గడ్డి పరిచేవారు. పుష్య అమావాస్యకు నాగోబా జాతర కోసం కేస్లాపూర్‌కు బండ్లు కట్టుకుని వచ్చే మెస్రం వంశీయులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బండ్లకు రబ్బరు టైర్లు వచ్చాక ఎద్దుకూ మనిషికీ కొంత సుఖం దక్కింది.

నిజానికి మొదటి షాకర్ గాలి టైరే. పశువైద్యుడైన జాన్ డన్‌లప్ 1888లో సైకిలుకు గాలి టైరు పేటెంటు తీసుకున్నాడు. చిన్న రాయి వస్తే టైరు ఆ ఒక్క చోట లోపలికి నొక్కుకుంటుంది. చక్రం మొత్తం పైకి లేవనక్కరలేదు. ఆ తరవాత నూరేళ్లు సైకిలుకు ఇంకేమీ అవసరం కాలేదు. అట్లాస్, హెర్క్యులిస్ సైకిళ్ల తోలు సీటు కింద రెండు చుట్ల స్ప్రింగులుండేవి, అంతే. మిగతా పనంతా మోకాళ్లదే. గుంత రాగానే పెడల్స్ మీద లేచి నిలబడే పోస్టుమాన్, పాల క్యాన్లు కట్టుకుని వచ్చే రైతు - వీరి కాళ్లే షాక్ అబ్జార్బర్లు.

కమాన్ కట్టల సుగుణం

బస్సు, లారీల కథ వేరు. ఉక్కు పట్టీలను ఒకదాని కింద ఒకటి, పొడవు తగ్గించుకుంటూ పేర్చి, మధ్యలో బోల్టు వేసి, యూ బోల్టులతో ఇరుసుకు బిగించిన కమాన్ కట్టల మీద అవి నడుస్తాయి. బరువు పడితే వంపు తగ్గి పట్టీ సాపు అవుతుంది. సాపు అయితే పొడవు పెరుగుతుంది కనుక కట్ట ఒక చివరను ఛాసిస్‌కు గట్టిగా బిగించి, రెండో చివరను ఊగే కొక్కెం లాంటి ముక్కకు తగిలిస్తారు. ఆ ముక్క తుప్పు పట్టి బిగుసుకుంటే కమాను ఎంత మంచిదైనా లారీ రాయిలా కొడుతుంది.

ఈ కట్టకు ఒక సుగుణముంది. వంగినప్పుడల్లా పట్టీలు ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడి ఎగురుడును కొంత చంపుతుంది. అందుకే పాతకాలపు లారీలు నూనె గొట్టాలు లేకున్నా ఎలాగో నెట్టుకొచ్చాయి.

పల్లె బస్సులో వెనక సీట్లో కూర్చున్నవారికి తెలిసిన మరో విషయం. నిండిన బస్సు కన్నా ఖాళీ బస్సు ఎక్కువ ఎత్తేస్తుంది. కారణం లెక్కలోనే ఉంది. కట్టను నిండు బస్సు బరువుకు తగ్గట్టు చేస్తారు. బరువు లేనప్పుడు అదే కట్ట అవసరానికి మించి గట్టిదవుతుంది, ఊగుడు వేగం పెరుగుతుంది. కూర్చున్న మనిషి ఒళ్లు పైకీ కిందికీ కదిలే కుదుపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే వాటిని అసలు ఓర్చుకోలేదని శాస్త్రజ్ఞులు తేల్చారు. సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగితే హాయిగా ఉంటుంది. మన నడకకూ దాదాపు అదే లయ. కారు స్ప్రింగులను ఆ లయకు దగ్గరగా ఉండేలా చేస్తారు.

కరీంనగర్ గ్రానైటు క్వారీల దారుల్లో పరిమితికి మించి మోసే లారీలది దీనికి తలకిందుల పరిస్థితి. కమాను పూర్తిగా సాపయ్యాక ఇక నొక్కుకునేందుకు చోటుండదు. ఆ తరవాత ప్రతి గుంతా ఛాసిస్‌కూ, రోడ్డుకూ సుత్తి దెబ్బే. లారీ ఒక పక్కకు ఒరిగి నడుస్తోందంటే ఏదో పట్టీ విరిగిందేమో చూసుకోవాలి.

నూనె చేసే పని

చెరువు నీళ్లలో చేతిని నెమ్మదిగా కదిపితే నీరు దారి ఇస్తుంది. ఒక్కసారిగా తోస్తే ఎదురు తిరుగుతుంది. షాక్ అబ్జార్బర్ రహస్యం ఇంతకు మించి లేదు. మూసిన గొట్టంలో నూనె, అందులో సన్న రంధ్రాలున్న పిస్టన్, రంధ్రాల మీద పలుచని ఉక్కు బిళ్లలు. పిస్టన్ కదలాలంటే నూనె ఆ సందుల్లోంచి దూరాలి. మెల్లగా అయితే దూరుతుంది, వేగంగా అయితే బిళ్లలు అడ్డుపడతాయి. స్ప్రింగు బలమంతా నూనెలో వేడిగా మారి, గొట్టం గోడల గుండా గాలిలో కలిసిపోతుంది. ఉట్నూరు నుంచి సిర్పూర్(యు), తిర్యాణి వైపు గుంతల దారుల్లో గంటసేపు మోటారు సైకిలు నడిపి, వెనక షాకబ్జర్‌ను తాకితే వెచ్చగా ఉంటుంది. అది రోడ్డు దెబ్బల వేడి.

సాధారణంగా ఈ గొట్టం నొక్కుకునేటప్పుడు కొంచెమే అడ్డుపడుతుంది. తిరిగి సాగేటప్పుడు గట్టిగా పట్టుకుంటుంది. చక్రం రాయి ఎక్కేటప్పుడు చప్పున పైకి లేవాలి. దిగేటప్పుడు మాత్రం మనిషిని విసిరేయకూడదు. రెండూ వేర్వేరు పనులు కనుకనే బిళ్లలను రెండు వైపులా వేర్వేరుగా పేరుస్తారు.

నూనె బాగా కదిలితే నురుగు వస్తుంది. నురుగుకు బలం లేదు. 1950 దశకంలో ఫ్రాన్స్ ఇంజనీరు డి కార్బన్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. గొట్టం చివర మరో పిస్టన్‌ను వదులుగా పెట్టి, దాని వెనక నైట్రోజన్ వాయువును ఒత్తిడితో నింపాడు. వాయువు నూనెను ఎప్పుడూ అదిమి ఉంచుతుంది కనుక నురుగు లేవదు. మోటారు సైకిళ్ల వెనక షాకబ్జర్ పక్కన చిన్న డబ్బా కనిపిస్తే, చాలా వాటిలో ఉన్నది ఈ వాయువే.

కొండ దిగే సైకిలు

1970 దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లతో తామల్‌పైస్ కొండ దారులు దిగి పందేలు వేసుకునేవారు. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ వారిలో ముఖ్యులు. 'మౌంటెన్ బైకు' పుట్టింది అక్కడే. వాటికీ మొదట స్ప్రింగులు లేవు. 1989లో రాక్‌షాక్స్ సంస్థ ముందు ఫోర్కుకు గాలి, నూనెలతో పనిచేసే గొట్టాలను అమ్మకానికి తెచ్చింది. వెనక చక్రానికి షాక్ వాడకం 1990 దశకంలో ఊపందుకుంది.

వెనక షాక్ అమరికను మనవాళ్లు ఏతంతో పోల్చుకోవచ్చు. ఏతం దూలానికి మధ్యలో ఆధారం, ఒక చివర బావి, రెండో చివర మనిషి. ఇక్కడ వెనక చక్రం పట్టుకున్న గొట్టాల చట్రం ఒక కీలు మీద తిరుగుతుంది. చక్రం 150 మిల్లీమీటర్లు పైకి లేస్తే షాక్ 50, 60 మిల్లీమీటర్లే నొక్కుకునేలా కీలు చోటును నిర్ణయిస్తారు. కదలిక మూడో వంతుకు తగ్గితే దాని మీద పడే బలం మూడింతలవుతుంది. చిన్న షాక్ అంత గట్టిగా ఉండవలసింది అందుకే.

ఖరీదైన సైకిళ్లలో చాలా వాటికి ఉక్కు స్ప్రింగు బదులు గాలే స్ప్రింగు. సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి నొక్కితే మొదట సులువుగా, చివరికి రాయిలా ఉంటుంది. గాలి ఉన్న చోటు సగానికి తగ్గితే ఒత్తిడి రెట్టింపవుతుందన్న బాయిల్ సూత్రమే అది. చిన్న గతుకుకు మెత్తగా, పెద్ద దెబ్బకు గట్టిగా ఉండే గుణం గాలికి పుట్టుకతో వచ్చింది. పైగా మనిషి బరువును బట్టి గాలి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మనిషి కూర్చోగానే షాక్ తన పొడుగాటి ప్రయాణంలో నాలుగో వంతు నుంచి మూడో వంతుకు లోపుగా దిగితే సరిగా ఉన్నట్టు. ఆ దిగుడు ఉంటేనే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి జారి నేలను పట్టుకోగలదు.

బొగ్గు గనిలో అదే సూత్రం

ఈ కొండ సైకిలు షాక్‌కు పెద్దన్న ఒకరు మన దగ్గరే ఉన్నారు. సింగరేణి సంస్థ రామగుండం ప్రాంతంలో 1970 దశకం మధ్యలో ఓపెన్‌కాస్టు తవ్వకాలు మొదలుపెట్టింది. అలాంటి గనుల్లో మట్టి, బొగ్గు మోసే భారీ డంపర్లకు కమాన్ కట్టలుండవు. చక్రాల దగ్గర మనిషి నడుమంత లావు ఉక్కు సిలిండర్లుంటాయి. వాటిలో నూనె, నైట్రోజన్. వాయువు స్ప్రింగుగా పనిచేస్తే నూనె ఎగురుడును ఆపుతుంది. గాలి నింపకుండా నైట్రోజనే నింపడానికి కారణముంది. గాలిలో ఆక్సిజన్ ఉంటుంది. గట్టిగా నొక్కుకుని వేడెక్కినప్పుడు నూనెతో కలిసి అది పేలవచ్చు. సిలిండర్లలో వాయువు తగ్గితే డంపర్ ఒళ్లు వంగుతుంది, నడిపేవాడి నడుమూ వంగుతుంది. ఏళ్ల తరబడి ఒళ్లంతా కుదిపే యంత్రాలు నడిపేవారికి నడుము నొప్పులు ఎక్కువని చాలా దేశాల పరిశోధనల్లో తేలిన మాటే.

750 అంకె కథ

ఇక బడిపిల్లవాడి సైకిలు దగ్గరికి వస్తే, చాలా వెనక స్ప్రింగుల మీద '750' అనో మరో అంకో రాసి ఉంటుంది. స్ప్రింగును ఒక అంగుళం నొక్కడానికి 750 పౌన్ల, అంటే సుమారు 340 కిలోల బలం కావాలని దాని అర్థం. 40 కిలోల పిల్లవాడు ఎక్కితే వెనక చక్రం మీద పడేది 24 కిలోల దాకా. కీలు దాన్ని మూడింతలు చేసిందనుకున్నా 72 కిలోలు. స్ప్రింగు నొక్కుకునేది అర సెంటీమీటరు. అదే సైకిలు 80 కిలోల తండ్రి ఎక్కితే ఒక సెంటీమీటరు దాటుతుంది. ఇద్దరికీ ఒకే స్ప్రింగు సరిపోదు. గాలి షాక్‌కు ఉన్నట్టు సర్దుకునే దారీ దీనికి లేదు. చుట్టూ ఉన్న రింగును తిప్పితే స్ప్రింగు గట్టిదవుతుందని చెబుతుంటారు కానీ, సీటు ఎత్తు కాస్త మారడమే తప్ప స్ప్రింగు గుణం మారదు.

అసలు నష్టం తొక్కేటప్పుడు. పిల్లవాడు పెడల్ అదిమినప్పుడల్లా వెనక చట్రం కుంగుతుంది, లేస్తుంది. నూనె గొట్టం లేదు కనుక ఆ ఊగుడు ఆగదు. ముందుకు పోవలసిన బలంలో కొంత స్ప్రింగు పాలవుతుంది. పైగా స్ప్రింగు, కీలు, అదనపు గొట్టాలు కలిసి రెండు మూడు కిలోల బరువు. పందెపు సైకిళ్లలో ఎత్తు ఎక్కేటప్పుడు షాక్‌ను బిగించి ఉంచే మీట ఒకటి పెడతారు. ఇక్కడ అదీ లేదు. కొంతకాలానికి కీలులోని బుష్ అరిగి వెనక చక్రం పక్కలకు కదులుతుంది. కిర్రుమనే చప్పుడు ఊరంతా వింటుంది. రోజూ ఐదారు కిలోమీటర్లు తొక్కి హైస్కూలుకు పోయే పిల్లలకు స్ప్రింగు లేని చట్రం, కాస్త లావు టైర్లే మేలు. టైరులో గాలి రాయిలా నింపకపోతే చాలు. ఎంత నింపాలో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది. బక్కపిల్లలు ఆ హద్దుల్లో కింది అంకెకు దగ్గరగా ఉంచుకోవచ్చు.

కొనాలనే పట్టుబడితే దుకాణంలోనే ఒక పరీక్ష ఉంది. సీటును రెండు చేతులా అదిమి ఒక్కసారిగా వదలాలి. టప్పున ఎగిరి, రెండు మూడుసార్లు ఊగితే లోపల ఉన్నది ఉత్త స్ప్రింగే. నెమ్మదిగా లేచి ఒక్కసారికే కుదురుకుంటే నూనె ఉన్నట్టు. మోటారు సైకిలుకూ, కారుకూ ఇదే పరీక్ష. పాల క్యాన్లు, కల్లు కుండలు మోసే మోపెడ్లకు ఇది నెలకోసారైనా చేసుకోవడం మంచిది. గొట్టం మీద నూనె తడి, దానికంటిన దుమ్ము కనిపిస్తే సీలు పోయినట్టే. అప్పుడు రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క పాతది ఉంటే మలుపులో బండి చెప్పిన మాట వినదు.