ఆరవ తరగతి గుమ్మమున

ఐదవ తరగతి వరకు ఒకరిద్దరు ఉపాధ్యాయుల చెంతనే చదివిన బిడ్డకు, ఆరవ తరగతిలో గంట కొట్టినప్పుడెల్ల ఉపాధ్యాయుడు మారును. బిడ్డ బెదరునది పాఠమునకు కాదు, ఈ క్రొత్తదనమునకేనని మేము తలంతుము. ప్రభుత్వ పాఠశాలలలో హిందీయు సాధారణముగా ఇచ్చటనే మొదలగును. వేసవిలోనే పది అక్షరములు దిద్దించినచో ఆ భయము కొంత తీరును.

దూరము సంగతి వేరు. 2010 నాటి కేంద్ర మాదిరి నియమముల ప్రకారము ఐదవ తరగతి వరకు బడి ఒక కిలోమీటరు లోపలను, ఆరు మొదలు ఎనిమిది వరకు మూడు కిలోమీటరుల లోపలను ఉండవలెను. అనగా నడక మూడింతలు కావచ్చును. ఆడపిల్లల చదువు పలుచోట్ల ఈ దారిలోనే ఆగిపోవుట మనమెరిగినదే. కావున బడి తెరువకముందే ఒక ఉదయము బిడ్డతో ఆ దారి నడచి చూడుడు. దాటవలసిన రోడ్డును, బడిలోని కుళాయిని, మరుగుదొడ్డిని చూపుడు. వీధిలో ఆ బడికే పోవు పిల్లలెవరో విచారించి, జత కుదుర్చుడు. మార్కుల మాట మొదటి నెలలో ఎత్తకుడు.