నీడంటే నలుపు కాదు!

"ఎవర్రా ఈయన? సబ్బు అడ్వర్టైజ్‌మెంట్ల ఆయన లెక్కున్నడు!"

మూడు రాత్రులు కూర్చుని వేసిన బొమ్మ చూసి మా నాన్న అన్న మాట ఇది. తమాషా ఏంటంటే, ఆ బొమ్మ ఆయనదే.

నాన్న సూర్యాపేటలో ఆర్టీసీ డ్రైవర్. అప్పటికి రిటైర్‌మెంట్‌కి ఇంకా రెండు నెలలే ఉంది. వాచీ కొనిస్తే "ఇంకెందుకురా నాకు టైమ్‌తోని పని" అంటాడు. ఫోన్ కొనిస్తే నాకే తిరిగిచ్చేస్తాడు. అందుకే ఖాకీ చొక్కాలో ఆయన బొమ్మ వేసి ఇద్దామనుకున్నా. పగలంతా కోడ్‌లో బగ్గులు వెతికే ఉద్యోగం నాది. రాత్రిళ్లు ఆల్కహాల్ మార్కర్లతో బొమ్మలేయడం అలవాటైంది. పువ్వులు, కార్లు, యానిమే బొమ్మలు బాగానే వచ్చేవి. మనిషి ముఖం, అదీ రోజూ చూసే ముఖం దగ్గరికి వచ్చేసరికి బోల్తా కొట్టా. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఆ రెండు తప్పుల్లోనే షేడింగ్ అంటే ఏంటో అర్థమైంది. మీ దగ్గరా ఓ మార్కర్ల సెట్ ఉంటే, నా తప్పులు మీకు పనికొస్తాయి.

మొదటి తప్పు: 'స్కిన్' అని రాసుంది కదా అని...

నా దగ్గరున్నది 48 రంగుల చవక సెట్టు. అందులో 'స్కిన్' పేరుతో ఉన్న మార్కర్ లేత గులాబీ రంగు. పేరు చూసి అదే వేసేశా. పైగా నేను చూసి వేసిన ఫొటో ఫోన్‌లో బ్యూటీ మోడ్ ఆన్ చేసి తీసింది. ముడతలు పోయాయి, రంగు తేలిపోయింది. ఫోన్ సగం చెడగొట్టింది, మార్కర్ మిగతా సగం.

ఈ జబ్బు కొత్తదేం కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఇలాంటి లేత రంగు క్రేయాన్‌ని 'ఫ్లెష్' అనే పేరుతో అమ్మేది. 1962లో ఆ పేరు తీసేసి 'పీచ్' అని పెట్టింది. రంగు రంగే, పేరు చూసి మోసపోవద్దు. మన కళ్లముందే తోట వైకుంఠం బొమ్మలున్నాయి. వాటిలో తెలంగాణ ఆడవాళ్ల ముదురు ఒంటి రంగు ఎంత నిండుగా ఉంటుందో ఒకసారి చూడండి. నేనూ చూశాను, కానీ నా చేతిలో మార్కర్ ఉన్నప్పుడు గుర్తు రాలేదు.

"గింత తెల్లగ నేనెప్పుడున్న?" అని నాన్న నవ్వుతూనే అన్నాడు. నాకే ఎక్కడో గుచ్చుకుంది. ఆయన్ని బాగా చూపించాలనుకుని ఆయన రంగే తీసేశాను.

రెండో తప్పు: నీడ కోసం నల్ల మార్కర్

ఈసారి బ్రౌన్ వేశా. ముక్కు పక్కన, కళ్ల కింద, మెడ దగ్గర నీడ కోసం నల్ల మార్కర్ పెట్టా. అమ్మ చూసి ఒక్కటే మాట అంది: "పొయ్యి ఊది వచ్చినట్టున్నడు గదరా."

నిజమే. మసి పూసినట్టుంది. ఎందుకిలా అయిందో తెలియాలంటే ఈ ఇంకు ఎలా పనిచేస్తుందో తెలియాలి.

ఆల్కహాల్ మార్కర్‌లో ఉండేది ఆల్కహాల్‌లో కరిగిన రంగు. కాగితం మీద పెట్టగానే ఆల్కహాల్ ఆవిరైపోతుంది, రంగు కాగితంలో ఇంకిపోతుంది. తడి ఉన్న ఆ కాసేపట్లో పక్కపక్క రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. స్కెచ్ పెన్నులకి వచ్చే చారలు వీటికి అంతగా రాకపోవడానికి కారణం ఇదే.

ఇంకో సంగతి, ఈ ఇంకు పోస్టర్ కలర్‌లా కింది రంగును కప్పేయదు. గాజుపలక మీద ఇంకో గాజుపలక పెట్టినట్టు, కింది రంగు పైరంగులోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఫొటోషాప్ వాడేవాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: ఇది మల్టిప్లై మోడ్. ఒక పూత 80 శాతం వెలుతురును వెనక్కి పంపిస్తుందనుకోండి. దానిమీద అదే రంగు ఇంకో పూత వేస్తే 64 శాతమే వస్తుంది. మూడో పూతకి 51. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ విషయం అర్థమవుతుంది. ఒకే మార్కర్‌తో రెండు మూడు మెట్ల నీడ తేవచ్చు. నల్లరంగు వేస్తే మాత్రం లెక్క సున్నాకి దగ్గరైపోతుంది. కింద ఏ రంగున్నా ఇక కనిపించదు. మన దగ్గర కంట్రోల్ జెడ్ కూడా లేదు. అందుకే ఎప్పుడూ లేత నుంచి ముదురుకి వెళ్లాలి. ముదురు నుంచి లేతకి దారి లేదు.

మరి నీడకి ఏ రంగు? చర్మం రంగుకే ఇంకాస్త ముదురు చెల్లెలు కావాలి. చామనఛాయ ముఖానికి నీడలో ఎర్రటి బ్రౌన్, ఇంకా లోపలికి వెళ్తే ముదురు బ్రౌన్, చివర్లో బూడిదరంగు కలిసిన ఊదా ఒక పల్చటి పూత. ఊదాతో ముఖమా అని భయపడకండి. విడి కాగితం మీద బ్రౌన్ వేసి, దానిపై ఊదా వేసి చూడండి. నీడ ప్రత్యక్షమవుతుంది.

నంబర్లు చదవడం నేర్చుకోండి

జపాన్‌లో 1987లో వచ్చిన కాపిక్ మార్కర్ల మీద అక్షరం, అంకెలు ఉంటాయి. అక్షరం రంగు కుటుంబం. ఉదాహరణకి ఇంగ్లిష్ 'ఈ' అంటే ఎర్త్, అంటే మట్టి రంగులు. మొదటి అంకె రంగు ఎంత మెరుస్తుందో చెప్తుంది. సున్నా అయితే కొట్టొచ్చినట్టు, తొమ్మిది వైపు వెళ్లేకొద్దీ బూడిదగా. చివరి అంకె ఎంత ముదురో చెప్తుంది. కాబట్టి ఈ-33, ఈ-35, ఈ-37, ఈ-39 అంటే ఒకే ఇంటి నలుగురు. లేత నుంచి ముదురుకి వరసగా ఉంటారు కాబట్టి చక్కగా కలిసిపోతారు. కోడ్ రాసేవాళ్లకి ఇది హెచ్ఎస్ఎల్ కలర్ వాల్యూలాగే అనిపిస్తుంది.

వాటిలో ఒక్కో పెన్ను ధర వందల్లో ఉంటుంది, నేనూ కొనలేదు. మన చవక సెట్లలో నంబర్లకి ఏ పద్ధతీ ఉండకపోవచ్చు, మూత రంగుకీ ఇంకు రంగుకీ పొంతన ఉండదు. అందుకే మొదటి రోజే ఓ పని చేయండి. మీరు బొమ్మ వేసే కాగితం మీదే గడులు గీసి, ప్రతి మార్కర్‌తో ఒక గడి నింపి, నంబర్ రాసుకోండి. ఒక గంట పని. తర్వాత ఎన్ని బొమ్మలు బతుకుతాయో చెప్పలేను.

మూడోసారి: ముందు చూశా, తర్వాత వేశా

మూడోసారి ఫొటో పక్కన పెట్టి ఓ ఆదివారం ఊరెళ్లా. పొద్దున్నే నాన్నని కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి చాయ్ గ్లాసిచ్చా. లైట్లన్నీ ఆపేశా. వెలుతురు ఒకవైపు నుంచే వస్తే ముఖం గుండ్రం తెలుస్తుంది. ఫ్లాష్ కొడితే నీడలన్నీ చచ్చిపోయి ముఖం అప్పడంలా కనిపిస్తుంది.

అప్పుడు చూశా. నాన్న కుడి చెంప ఎడమ చెంప కంటే ముదురుగా ఉంది. ముంజేతులూ అంతే. కుడిది ఒక రంగు, ఎడమది ఒక రంగు. ముందు నీడేమో అనుకుని ఆయన్ని అటు తిప్పి కూర్చోబెట్టా. అయినా అంతే. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉండి చూడలేదు. ఆయన కూర్చునే సీటు బస్సులో కుడివైపు. కుడివైపే కిటికీ. ఏళ్ల తరబడి ఎండ ఆ చెంప మీద, ఆ చేతి మీద పడింది.

మొదటి బొమ్మలో నేను తుడిచేసింది దీన్నే.

అక్కడ్నించి బొమ్మ ఎలా వేశానో వరసగా చెప్తా.

పెన్సిల్ తేలిగ్గా: గీతలు కనీకనిపించకుండా ఉండాలి. మార్కర్ పడ్డాక కింది పెన్సిల్ గీత సరిగ్గా చెరగదు.

తెలుపు వదిలేయండి: నుదుటి మీద, ముక్కు కొన మీద, చెంప ఎముక మీద మెరిసే చోట్లు ముందే గుర్తు పెట్టుకుని, అక్కడ అన్నిటికంటే లేత రంగు మాత్రమే వేయండి, లేదా కాగితాన్నే వదిలేయండి. ముదురు చర్మం మీద ఈ మెరుపులు ఇంకా బాగా తెలుస్తాయి. కిటికీలోంచి ఆకాశం కనిపిస్తుంటే వాటిలో కొంచెం నీలం కూడా ఉంటుంది.

ముక్కలు చేసుకోండి: ముఖం మొత్తం ఒకేసారి వేస్తే ఇంకు ఆరిపోతుంది. నుదురు ఒక ముక్క, చెంప ఒక ముక్క, గడ్డం ఒక ముక్క. ఒక్కో ముక్కలో లేత రంగు వేసి, అది తడిగా ఉండగానే నీడ వైపు నుంచి మధ్య రంగు పెట్టి, రెండూ కలిసే అంచు మీద మళ్లీ లేత మార్కర్‌తో చిన్న చిన్న సున్నాలు చుట్టండి. అంచు కరిగిపోతుంది.

ఆరనివ్వండి: తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక కొంచెం తేలుతుంది. రెండు నిమిషాలు ఆగి చూశాకే తర్వాతి పూత వేయాలా వద్దా తేల్చుకోండి. కాగితం తాగగలిగినంతే తాగుతుంది, ఆపైన వేస్తే ఇంకు గీత దాటి పాకుతుంది.

రెండు రకాల నీడలు: చెంప గుండ్రంగా వెనక్కి తిరిగేచోట నీడ మెల్లగా కరుగుతుంది. ముక్కు కింద, చొక్కా కాలర్ కింద పడే నీడకి అంచు గట్టిగా ఉంటుంది. మొదటిది తడి మీద వేయాలి, రెండోది పూర్తిగా ఆరిన కాగితం మీద వేయాలి. ఈ తేడా తెలిస్తే బొమ్మ సగం అయిపోయినట్టే.

నీడలోనూ వెలుతురుంటుంది: గడ్డం కింద అంతా చీకటి కాదు. ఖాకీ చొక్కా మీద పడ్డ వెలుతురు తిరిగి గడ్డం కిందికి తగులుతోంది. అక్కడ సన్నగా పసుపు కలిసిన బ్రౌన్ వేశా. చొక్కా, ముఖం ఒకే చోట ఉన్నట్టనిపించింది అప్పుడే.

ఫోన్‌తో పరీక్ష: మధ్యమధ్యలో బొమ్మకి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ పెట్టి ఫొటో తీయండి. అందులో ముఖం అంతా ఒకే బూడిద రంగుగా ఉంటే, మీరెన్ని రంగులు వేసినా నీడ చాలలేదని అర్థం. బ్యూటీ మోడ్ కంటే ఫోన్‌కి ఇదే మంచి పని.

ఆఖర్న జెల్ పెన్: కంట్లో ఒక చుక్క, కింది పెదవి తడి మీద ఒక చుక్క. తెల్ల జెల్ పెన్ పని అంతే. ఎక్కువైతే ముఖానికి చెమట పట్టినట్టుంటుంది.

సెట్లో రంగులేని బ్లెండర్ పెన్ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని రబ్బరు అనుకుంటారు. అది రంగుని చెరపదు, పక్కకి తోస్తుంది. అంచులు పల్చన చేయడానికే వాడండి. కాగితం మందంగా, నున్నగా ఉండేది తీసుకోండి. ఎలాంటిదైనా కింద ఓ చిత్తు కాగితం పెట్టండి, ఇంకు వెనక్కి దిగుతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ వాసన మూసిన గదిలో తల పట్టేస్తుంది. పెన్నుల్ని పడుకోబెట్టి దాచండి. రెండువైపులా నిబ్ ఉంటుంది కాబట్టి నిలబెడితే పైవైపు ఎండిపోతుంది.

ఒక జాగ్రత్త

ఈ రంగులు వెలుతురుకి ఆగవు. ఎండ పడే గోడకి తగిలిస్తే కొన్నాళ్లకి వెలిసిపోతాయి. బొమ్మ పూర్తయిన రోజే స్కాన్ చేసి పెట్టుకోండి. తగిలించాలనుకుంటే ప్రింట్ తగిలించండి, అసలుది బీరువాలో పెట్టండి.

నాన్న రిటైరైన రోజు రాత్రి ఆ బొమ్మ ఇచ్చా. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఎవర్రా ఈయన అనలేదు. కుడి చెంప మీద వేలు పెట్టి, "ఇటు కిటికీ గదా" అన్నాడు. నేనేం చెప్పకుండానే. తర్వాత అమ్మని పిలిచి, ఎండాకాలంలో స్టీరింగ్ ఎట్లా కాలేదో చెప్పడం మొదలుపెట్టాడు. అవన్నీ నేనూ మొదటిసారే విన్నా.

ఇప్పుడు ప్రింట్ హాల్లో ఉంది, అసలు బొమ్మ బీరువాలో ఉంది. ఎవరైనా వస్తే మాత్రం బీరువాలోదే తీసి చూపిస్తాడు. వెలిసిపోతుంది నాన్నా అంటే, "నాకన్న ఎక్కువ ఎండకాగిందా ఇది?" అంటాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లోవాళ్లని ఓ పది నిమిషాలు కిటికీ పక్కన కూర్చోబెట్టండి. మార్కర్ మూత తీయకముందు ఊరికే చూడండి. నల్ల మార్కర్‌ని మాత్రం డ్రాయర్‌లోనే ఉంచండి!