మీకు తెలుసా? కుక్కర్‌ను తలదన్నే బూజు

కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపలి ఒత్తిడి బయటి గాలి పీడనానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ మాత్రానికే గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోతే మనం భయపడతాం. వరికి అగ్గి తెగులు తెచ్చే బూజు తన ఒంట్లో పుట్టించుకునే ఒత్తిడి గాలి పీడనానికి సుమారు 80 రెట్లు. అదీ ఒకే ఒక్క కణంలో, తలవెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు చిన్నదైన గుండ్రటి బుడగలో.

ఈ శిలీంద్రం పేరు మాగ్నపోర్తే ఒరైజే. పైరిక్యులేరియా అన్నా ఇదే. మొక్కలకు తెగుళ్లు తెచ్చే శిలీంద్రాల్లో ముఖ్యమైనవి ఏవని 2012లో ఒక శాస్త్ర పత్రిక పరిశోధకులను అడిగితే, వాళ్లు మొదటి స్థానం దీనికే ఇచ్చారు. మన రైతులను అడిగినా ఇదే మాట చెప్పేవాళ్లు.

గాలికి కొట్టుకొచ్చిన సిద్ధబీజం మంచుకు తడిసిన ఆకు మీద పడుతుంది. మూడు గదులున్న బీజం, కొస కాస్త సన్నం. తడి తగలగానే ఆ కొసనుంచి జిగురు ఊరి బీజాన్ని ఆకుకు అతికించేస్తుంది. వరి ఆకు మీద మైనపు పూత ఉంటుంది కదా, నీటిబొట్టే నిలవదు, బీజం ఎలా నిలుస్తుంది అనుకోవచ్చు. ప్రయోగశాలలో అది టెఫ్లాన్ మీద కూడా అతుక్కుంది. నాన్‌స్టిక్ పెనాలకు వేసే పూత అదే.

రెండు గంటల్లో మొలక వస్తుంది. ఆ మొలక కొస నాలుగారు గంటల్లో ఉబ్బి బుడగ అవుతుంది. దీన్ని అప్రెసోరియం అంటారు. దీనికో వింత షరతు ఉంది. కింద ఉన్నది గట్టిగా, నీరంటనిదిగా ఉండాలి, తినడానికి చుట్టూ ఏమీ దొరకకూడదు. పోషకాలు దండిగా ఉన్న ద్రవంలో వేస్తే బుడగ కట్టడం మానేసి హాయిగా పోగులు చాచుకుంటూ పోతుంది. ఆకలితో ఉంటేనే దాడి!

ఆ ఆకలికి మొదట బలయ్యేది బీజమే. మొలకలో కేంద్రకం ఒకసారి చీలుతుంది. ఒక పిల్ల కేంద్రకం బుడగలోకి వెళుతుంది. వెనక మిగిలిన మూడు గదులూ తమను తామే జీర్ణించుకుని, సరుకంతా బుడగకు పంపి చచ్చిపోతాయి. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయంలో నికొలస్ టాల్బట్ బృందం 2006లో ఈ సంగతి బయటపెట్టింది. ఆ చావును జన్యుపరంగా ఆపితే తెగులే రాలేదు. బీజం బతికితే వరి బతికినట్టే.

ఇక ఒత్తిడి ఎక్కడిదంటారా? బీజం దాచుకున్న గ్లైకోజన్, కొవ్వు కరిగి బుడగలో గ్లిజరాల్‌గా మారతాయి. గ్లిజరాల్ చిక్కబడేకొద్దీ ఆకు మీది నీరు లోపలికి దూసుకొస్తుంది. బుడగ గోడకు లోపలివైపు మెలనిన్ పొర ఉంటుంది. మన జుట్టుకు నలుపునిచ్చే వర్ణకాల కుటుంబమే ఇది కూడా. నీటిని రానిస్తుంది, గ్లిజరాల్‌ను పోనివ్వదు. దాంతో బుడగ బిర్రబిగుసుకుపోతుంది. ఒత్తిడిని కొలిచిన తీరు కూడా ముచ్చటగా ఉంటుంది. అంతకంతకూ చిక్కటి ద్రావణాల్లో బుడగలను ముంచి, ఏ చిక్కదనం దగ్గర అవి లోపలికి నొక్కుకుపోతున్నాయో చూశారు. డ్యూపాంట్ కంపెనీ పరిశోధకుడు రిచర్డ్ హోవర్డ్, ఆయన సహచరులు 1991లో ప్రచురించిన లెక్క అది. ఆకు సంగతలా ఉంచండి, ఈ బుడగ మైలార్ ప్లాస్టిక్ పొరకు కూడా తూటు పొడిచింది.

బుడగ అడుగున, ఆకుకు తాకే చోట, మెలనిన్ లేని చిన్న వృత్తం వదిలి ఉంటుంది. సెప్టిన్ అనే ప్రోటీన్లు దాని చుట్టూ కడియంలా కూడి అక్కడి పొరను బిగించి పట్టుకుంటాయి. ఒత్తిడంతా ఆ ఒక్క చోటికే మళ్లి, సన్నటి మేకు మొలిచి ఆకును పొడుస్తుంది. సెప్టిన్లను తీసేస్తే బుడగ ఉంటుంది, పోటు ఉండదు.

మెలనిన్ చేసుకోలేని రకాలను శాస్త్రవేత్తలు ఏరి పెట్టారు. నల్లగా ఉండాల్సిన బూజు వాటిలో తెల్లగానో, గులాబీ రంగులోనో, లేత గోధుమ రంగులోనో ఉంటుంది. చక్కగా పెరుగుతాయి, బీజాలూ పెడతాయి. కానీ చెక్కుచెదరని ఆకులోకి దూరలేవు. ఆకును ముందే గీరి పెడితే మాత్రం తెగులు తెస్తాయి. అంటే వాటికి లేనిది విషం కాదు, ఆకును చీల్చే బలం.

మీకు తెలుసా, అగ్గి తెగులుకు మన పొలాల్లో విరివిగా కొట్టే ట్రైసైక్లజోల్ ఈ బూజును చంపదు! గాజు పళ్లెంలో వేస్తే దాని పక్కనే బూజు పెరుగుతూ ఉంటుంది. ఆ మందు చేసేదల్లా మెలనిన్ తయారీని మధ్యలో ఆపేయడం. బుడగ కడుతుంది గానీ ఒత్తిడి నిలవదు. అందుకే ఇది ప్రధానంగా ముందు జాగ్రత్త మందు. మేకు దిగిపోయాక దీనికి పెద్దగా పని లేదు. మచ్చలు చూశాక పిచికారీ చేసి, మర్నాటికి అవి మాయం కాలేదని మందును నకిలీ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నకిలీ మందులూ ఉన్నాయి, కాదనను. కానీ పాత మచ్చ ఏ మందుకూ పోదు. కొత్త ఆకు మీద కొత్త మచ్చ వచ్చిందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇదే మందు మన బియ్యం ఎగుమతులకు తలనొప్పి కూడా. బియ్యంలో దీని అవశేషాల పరిమితిని ఐరోపా సంఘం 2017లో కిలోకు 1 మిల్లీగ్రామునుంచి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించింది. బాస్మతి వ్యాపారులు గగ్గోలు పెట్టింది అందుకే.

ఆకులోకి దిగాక మరో నాటకం. మొదటి మూడు నాలుగు రోజులు మచ్చ ఉండదు, మనిషి కంటికి ఆకు పచ్చగానే కనిపిస్తుంది. లోపల మాత్రం బూజు పోగులు వరి కణాల్లోనే కాపురం పెట్టి ఉంటాయి. కణం పొర చిరగదు, పోగు చుట్టూ తొడుగులా సర్దుకుంటుంది. బూజు గోడలో ఉండేది కైటిన్. రొయ్య పెంకులో ఉండేదీ అదే. కైటిన్ ముక్కలు తగిలితే వరి మేలుకుని పోరాటం మొదలుపెడుతుంది. అందుకని ఆ ముక్కలు మొక్క కంటబడకుండా పట్టేసుకునే ప్రోటీన్‌ను బూజు విడుదల చేస్తుంది. పక్క కణంలోకి వెళ్లాల్సి వచ్చినా గోడ పగలగొట్టదు. మొక్క కణాలు ఒకదానితో ఒకటి సరుకులు ఇచ్చిపుచ్చుకునే సన్నటి సందులుంటాయి. పోగు తన లావును అర మైక్రాన్ చిల్లరకు కుదించుకుని వాటిలోంచే జారుకుంటుంది. ఆ తర్వాత కణాలు చచ్చి, నూలుకండె ఆకారంలో మచ్చలు బయటపడతాయి. వెన్ను మెడకు సోకితే అదే మెడవిరుపు. పంట చేతికొచ్చే వేళ గింజ తాలు పోతుంది.

అన్ని బూజులూ ఇంత బలప్రయోగం చేయవు. తుప్పు తెగుళ్లవి తెరిచిన తలుపు వెతుక్కునే జాతి. బీన్స్ తుప్పు శిలీంద్రం ఆకు మీద పాకుతూ పత్రరంధ్రాన్ని గుర్తుపట్టేది వాసనతో కాదు, తడిమి. రంధ్రం పెదవి ఎత్తు సుమారు అర మైక్రాన్. 1987లో హార్వే హోక్ బృందం ప్లాస్టిక్ మీద అంతే ఎత్తు గట్లు చెక్కి ఇస్తే, పిచ్చి బూజు అదే రంధ్రమనుకుని అక్కడే బుడగ కట్టింది. గట్టు మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పట్టించుకోలేదు. వేరుశనగకు తుప్పు తెచ్చేదీ ఈ పత్రరంధ్రాల దారినే వస్తుంది.

ఇంకో చిన్న ముక్క. అగ్గి తెగులు బూజు పోగులో గదికీ గదికీ మధ్య గోడకు చిన్న కంత ఉంటుంది, సరుకులు అటూ ఇటూ పారడానికి. పోగు తెగితే లోపలిదంతా కారిపోవాలి. కారదు. వొరోనిన్ కణికలు అనే బిరడాలు కంత పక్కనే కాచుకుని ఉండి వెంటనే మూసేస్తాయి. రష్యన్ శాస్త్రవేత్త మిఖాయిల్ వొరోనిన్ 1864లోనే వీటిని చూసి రాసిపెట్టాడు.

వరి వేసినవాళ్లకు ఒక మాట. రాత్రుళ్లు చల్లబడి, ఆకు మీద మంచు పొద్దెక్కేదాకా ఆరకుండా ఉంటే బుడగకు కావలసిన తడి, సమయం రెండూ దొరికినట్టే. అలాంటి రోజుల్లో, అందులోనూ బీపీటీ 5204 లాంటి తట్టుకోలేని రకం వేసి ఉంటే, రోజూ ఆకులు తిప్పి చూడండి. తొలి మచ్చ కనబడగానే యూరియా ఆపండి. లీటరు నీటికి 0.6 గ్రాముల ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి మందు కలిపి పిచికారీ చేయండి. ఎగుమతికి అమ్మే పంటైతే మాత్రం కొట్టేముందు కొనేవాళ్లను అడగండి.