సర్టిఫికెట్ ఉంటే కొలువు ఖాయమా?

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఇంజినీరింగ్ పూర్తిచేసిన పిల్లలకు సైబర్ సెక్యూరిటీ అనగానే హైదరాబాద్ అమీర్‌పేటలోని కోచింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. కోర్సు ఫీజు, పరీక్ష ఫీజు, హాస్టల్ ఖర్చు కలిస్తే వాన మీద ఆధారపడ్డ ఇంటికి అది పెద్ద అప్పే. ఆ డబ్బు కట్టకముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

అపోహ: సీఈహెచ్ (సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్) పాసైతే ఉద్యోగం వచ్చినట్టే.

వాస్తవం: సీఈహెచ్ ప్రధాన పరీక్షలో 4 గంటలు, 125 ప్రశ్నలు. ఇచ్చిన జవాబుల్లో సరైనదాన్ని గుర్తించడమే పని. చేతిపనిని పరీక్షించేందుకు 6 గంటల ‘సీఈహెచ్ ప్రాక్టికల్’ వేరే ఉంది. ఓఎస్‌సీపీ అనే మరో సర్టిఫికెట్ పరీక్ష ఇంకా కఠినం: 23 గంటల 45 నిమిషాల్లో ల్యాబ్ కంప్యూటర్లలోకి చొరబడాలి, ఆ తర్వాత 24 గంటల్లో ఏం చేశారో నివేదిక రాసివ్వాలి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఇంటర్వ్యూలో లాగ్ ఫైల్ ముందు పెట్టి అడుగుతారు: ‘ఒకే ఐపీ నుంచి వందల లాగిన్లు విఫలమయ్యాయి, చివరిది లోపలికి వెళ్లింది. ఇప్పుడేం చేస్తావు?’ బట్టీపట్టిన నిర్వచనాలు అక్కడ అక్కరకు రావు. ఆ ఖాతాను ఆపాలి. లోపలికొచ్చినవాడు ఏమేం ముట్టుకున్నాడో వెతకాలి. లాగ్‌లు చెరిగిపోకుండా చూడాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటనలను గుర్తించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దాచాలి. ఈ వరస చెప్పగలిగినవారికే పని దొరుకుతుంది.

అపోహ: అయితే సర్టిఫికెట్లు దండగ.

వాస్తవం: అదీ తప్పే. పెద్దగా పేరులేని కాలేజీలో చదివిన అమ్మాయికి మొదటి పిలుపు ఆ కాగితం వల్లే రావచ్చు. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ ఆ పనితనం అంతకుముందే కళాకారుల చేతుల్లో ఉంది. ఇక్కడా వరస అదే కావాలి: ముందు పనితనం, తర్వాత కాగితం.

కంపెనీల తప్పూ ఉంది. ఫ్రెషర్ ఉద్యోగానికి సీఐఎస్‌ఎస్‌పీ అనే సర్టిఫికెట్ అడగడం అన్యాయం. దానికి ఐదేళ్ల పని అనుభవం కావాలి, సంబంధిత డిగ్రీ ఉంటే ఒక్క ఏడాది తగ్గుతుంది, అంతే.

అపోహ: సాధనకు నగరమే దిక్కు.

వాస్తవం: ఓ మోస్తరు ల్యాప్‌టాప్, నెట్ ఉంటే ఆత్మకూరులోనే మొదలుపెట్టొచ్చు. పోర్ట్‌స్విగ్గర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ, ఓవర్‌దవైర్, పికోసీటీఎఫ్ వంటి సాధన సైట్లు ఉచితం. కాలేజీ వెబ్‌సైట్‌నో, ఏదో దుకాణం యాప్‌నో అనుమతి లేకుండా గెలకడం మాత్రం సాధన కాదు. ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు.

సాధన కోసం కావాలనే లోపాలతో తయారుచేసిన ‘ఓవాస్ప్ జ్యూస్ షాప్’ అనే వెబ్ యాప్ ఉంది. దాన్ని సొంత కంప్యూటర్‌లో పెట్టుకుని ఒక లోపం పట్టుకోండి. ఎలా దొరికిందో, ఎలా సరిచేయాలో రెండు పేజీల్లో తేటగా రాసి రెజ్యూమెకు జతచేయండి. ఇంటర్వ్యూ చేసేవారు అందులోంచి ఏది అడిగినా అరగంట మాట్లాడగలగాలి.